కామెంట్ల దేవానందం గారు

ఎవరు ఏ మాటన్నా అడ్డం తగలకపోతే దేవానందం గారికి అన్నం అరగదు.

ఆర్టీసీలో కండక్టరుగా ఉన్నప్పుడు ఎవరైనా "రెడ్డిగూడెం ఒకటివ్వండి" అంటే, "ఏం, మీ ఆవిడ రాదా?" అనేవారు. ఒకసారి ఒళ్లు కాలిపోతూ ఆస్పత్రికెళ్లి, "జ్వరం ఎప్పట్నుంచండీ?" అనడిగిన డాక్టరుతో, "జ్వరమని మీకెవరు చెప్పారు?" అని వాదన వేసుకున్నారు.

నా ఖర్మ కొద్దీ, ఆయన రిటైరయ్యేసరికి నేను వార్తలు చదవడం మొదలుపెట్టాను. అంతకుముందు నేను ఓ పేపరుకి తిరువూరు విలేకరిని. జనం ఫోన్లలోనే చదివేస్తున్నారని వాళ్లు మా ఊరి పేజీ ఎత్తేశారు. పేజీతోపాటు నన్నూ ఎత్తేశారు. ఓ మైకూ, ఫోను నిలబెట్టే కర్రా కొనుక్కుని, 'తిరువూరు కబుర్లు' అని వీడియో ఛానెల్ పెట్టి, నన్ను నేనే ఎడిటరుగా నియమించుకున్నాను.

ఎవరి వీడియో ఎవరికి చూపించాలో సముద్రాలవతల ఏదో కంపెనీ కంప్యూటరు నిర్ణయిస్తుందట. దానికి నా మొహం నచ్చలేదు. చూసేది దేవానందం గారు, మా ఆవిడ వేదశ్రీ. ఆవిడైనా నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నానో లేదోనని చూసేది.

నేను "మామిడి ధర పడిపోయింది" అంటే కింద దేవానందం గారి కామెంటు: "పడిపోలేదు. పడేశారు."

కొన్నాళ్లకి 'సత్యవాది' అని ఇంకొకడు దిగాడు. "కండక్టరుకి మామిడికాయల సంగతేం తెలుసు?"

"నీకు తెలుసా, బుద్ధిలేనివాడా?"

రోజూ ఇదే యుద్ధం. దాన్ని చదవడానికి జనం మూగేవారు. నా వార్త ఎవడికీ పట్టలేదని నేను కుమిలిపోయేవాణ్ణి.

మా వెనక వీధిలో మంచినీళ్ల పైపు పగిలిందని, జనం బిందెలతో తిరుగుతున్నారని గొంతు చించుకుని చెప్పాను. కింద ఆ పైపు ఇనుపదా, ప్లాస్టిక్‌దా అని వీళ్లిద్దరూ కొట్టుకుంటున్నారు! ఒళ్లు మండి దేవానందం గారింటికెళ్లాను.

వరండాలో ఆయనా, భార్య పుష్పలత గారూ ఎదురెదురుగా కూర్చుని చెరో ఫోను నొక్కుతున్నారు.

"మరీ గాడిదా అని రాశారేంటండీ?" అంటున్నారావిడ.

"నిన్ను కాదే, సత్యవాదిని!"

నా కోపం గుమ్మంలోనే ఆగిపోయింది. "సత్యవాది మీరా అండీ?"

ఆవిడ సిగ్గుపడ్డారు. "బాగుంది, బాగుంది అని రాస్తే ఆ కంప్యూటరు ఎవరికీ చూపించట్లేదు బాబూ. గొడవైతే అందరికీ చూపిస్తోంది. మీ అంకులే కనిపెట్టారు."

"నాకెందుకండీ ఇదంతా? ఛానెల్ మూసేస్తున్నా," అన్నాను బింకంగా.

"పేపర్లో మన ఊరి పేరెప్పుడో పోయింది," అన్నారు దేవానందం గారు ఫోన్లోంచి తలెత్తకుండా. "మిగిలింది నువ్వొక్కడివి. నువ్వూ మూసేస్తే ఆ పైపు సంగతి ఎవరు చెప్తారయ్యా?"

మర్నాడే మున్సిపాలిటీ మనుషులొచ్చి పైపు బాగుచేశారు. గొడవ చూడ్డానికొచ్చినవాళ్లు పోనీలే అని వార్త కూడా చూశారట.

ఇప్పుడు సాయంత్రాలు ఆ వరండాలో మూడో కుర్చీ నాది. వేదశ్రీ పాత ఫోన్లోంచి, మారుపేరుతో, నా వార్తల మీద నేనే విరుచుకుపడుతుంటాను. నన్ను తిట్టడంలో వాళ్లిద్దరికంటే నాకే మంచి పట్టుందని పుష్పలత గారు తెగ మెచ్చుకున్నారు.