శనివారం మేర

నలభై ఏళ్లు వచ్చేదాకా పెంచలాచారికి జీతం అంటే ఏమిటో తెలియదు. తెలియనందుకు సిగ్గూ లేదు. గూడూరు పక్క పల్లెలో వాళ్ల వంశం వంశమంతా కొలిమి ముందే పుట్టి కొలిమి ముందే పోయింది. ఒక్కరైనా జీతం మొహం చూసిన పాపాన పోలేదు. నాగటికర్రు అరిగితే సాగదీయడం, కొడవలికి పళ్లు పడేలా కక్కు కొట్టడం, బండిచక్రానికి ఇనపపట్టా తొడగడం ఆచారి పని. కోతలయ్యాక కళ్లంలో ధాన్యం కొలిచి ఇవ్వడం రైతు పని. ఆ ధాన్యం పేరు మేర. నడుమ బేరమూ లేదు, చీటీ లేదు.

మేర పుచ్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఆచారి భుజాన తువ్వాలు వేసుకుని కళ్లం గట్టున నిలబడాలి. ధాన్యపురాశి వైపు చూడకూడదు. మొహం పక్కకు తిప్పుకుని వానల సంగతో, ఎద్దుల సంగతో మాట్లాడుతుండాలి. రైతు తనంతట తానే పిలిచి, చేటతో ఆచారి గోనెలో పోసి, "నిండిందా ఆచారీ?" అని అడగాలి. గోనె సగానికి వచ్చినా సరే, అడుగు కనబడుతున్నా సరే, ఆచారి "నిండిందయ్యా" అనాలి. అంతటితో ఏడాది లెక్క తీరిపోయినట్టే. "చెయ్యి చాపి తీసుకుంటే అది మేర కాదురా, ముష్టి" అని వాళ్ల నాయన చెప్పేవాడు. నాయన చెప్పిన వాటిలో ఆచారి చివరిదాకా మరిచిపోనిది ఇదొక్కటే.

తరవాత జమీందారీలు పోయాయి, పెద్ద కమతాలు చీలికలయ్యాయి. గూడూరు బజారులో తయారు కొడవళ్లు వేలాడదీసి అమ్మడం మొదలుపెట్టారు. యాభై అయిదో సంవత్సరం కోతల్లో, మీసమింకా సరిగా రాని ఒక రైతు కొడుకు, "ఈ యేడు మాకేం జేసినావని పొయ్యాల ఆచారీ?" అన్నాడు. ఆచారి వట్టి గోనె మడిచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ రోజు అన్నం తినలేదు. నెల తిరక్కముందే భార్య సీతాలక్ష్మినీ, అయిదేళ్ల కూతుర్నీ, అరబస్తా బియ్యాన్నీ, తన సుత్తినీ వెంటబెట్టుకుని మద్రాసు రైలెక్కాడు. తను పోతున్నది ఇప్పుడు వేరే రాష్ట్రమని రైల్లో ఎవరో చెబితే తెలిసింది. అక్కడా ఇనుము ఎర్రగా కాలితేనే వంగుతుంది గదా అనుకున్నాడు.

మద్రాసులో చూలై పేటలో వరదయ్య నాయుడి ఇనపషెడ్డు ఉంది. బోర్డు మీద 'వరదయ్య అండ్ సన్స్' అని రాసి ఉండేది; ఇంట్లో ఉన్నది ఇద్దరు కూతుళ్లు. తలుపుబందులు, గడియలు, కిటికీ కమ్మీలు చేసి టోకున అమ్మేవాళ్లు. షెడ్డు వాకిట్లో బొగ్గుపొడి చీలమండ మునిగేంత ఉండేది. ఆ వాకిలి తొక్కినవాళ్లెవరో కాళ్లు చూసి చూలై అంతా చెప్పేది. నాయుడి పూర్వులు ఎన్ని తరాల కిందట ఇటు వచ్చారో ఆయనకే తెలియదు గానీ, తెలుగు మాత్రం మిగిలి ఉంది, నడుమ నడుమ అరవం అతుకులతో.

ఆచారి చేసి చూపించిన బందును నాయుడు రెండుసార్లు తెరిచి మూసి చూశాడు. అది చప్పుడు చెయ్యలేదు. "రోజుకు రెండు రూపాయిలు. పొద్దన్న ఎనిమిదికి రావాల, సాయంత్రం ఆరుకు గంట కొడతాము. శనివారం కూలి. శరియా అప్పా?" అన్నాడు.

"శనివారం. మంచిదయ్యా" అన్నాడు ఆచారి. ఊళ్లో ఏడాదికొక కళ్లం, ఇక్కడ వారానికొక కళ్లం అన్నమాట. పట్నం పట్నమే అనుకున్నాడు.

మొదటిరోజే చిక్కొచ్చింది. "ఈ బందులు ఎవురింటికయ్యా?" అని అడిగాడు ఆచారి.

"ఎవురింటికైతే నీకేమప్పా? మూడు డజన్లు కొట్టు, సాలు."

ఎవరిదో తెలియకుండా ఆచారి ఎప్పుడూ ఇనుము ముట్టింది లేదు. ఎడమచేతివాడి కొడవలికి కక్కు రెండోవైపు కొట్టాలి, ముసలివాడి గడ్డపార తేలిగ్గా ఉండాలి. ఎవరి తలుపో తెలియని బందు ఎట్లా కొట్టడం? అందుకని రోజూ అడిగేవాడు. సరుకు ఎక్కడికి పోతోంది, ఎవరు కొంటున్నారు, ఎంతమంది కలిసి చేస్తున్నారు అని. సాయంత్రం గంట కొట్టాక కూడా చేతిలో పని ముగిసేదాకా కదిలేవాడు కాదు. పొగ ఎట్లా పోతుందోనని అప్పుడప్పుడూ పైకప్పు వంక చూస్తుండేవాడు.

శనివారం వచ్చింది. గుమాస్తా కోదండరాం బల్ల ముందు కూర్చుని పేర్లు పిలుస్తుంటే, పనివాళ్లు వరసలో వచ్చి, చెయ్యి చాపి, కూలి పుచ్చుకుని పోతున్నారు. "పెంచలాచారి" అని పిలిచాడు. ఆచారి "ఆఁ" అన్నాడు. అని, తువ్వాలు భుజాన వేసుకుని, కొలిమి పక్కన నిలబడి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. కోదండరాం కాసేపు చూసి పెట్టెకు తాళం వేశాడు.

"ఇయ్యలేదా?" అని అడిగింది సీతాలక్ష్మి.

"తెచ్చిస్తార్లే."

రెండో శనివారమూ అంతే, మూడో శనివారమూ అంతే. బియ్యం బస్తా అడుగంటింది. ఇంటివాడు అద్దె అడిగాడు. పక్క వాటాలో ఉండే లూర్దుమేరి రెండు డబ్బాల బియ్యం బదులిచ్చి, "ఈడ నోరు తెరిసి అడగాలక్కా. అడగందే అమ్మయినా పెట్టదు" అంది. ఆ మాట సీతాలక్ష్మి మొగుడికి చేరవేసింది. "అమ్మ సంగతేమో గానీ, కమ్మరి అడగడు" అన్నాడు ఆచారి. అంత ఆకలి మీద కూడా ఆ మాట గట్టిగానే అన్నాడు.

షెడ్డులో ఈలోగా వేరే గాలి మొదలైంది. కోదండరాం నాయుడి చెవిలో, "కూలి వొద్దనే మనిషిని పదైదేండ్లలో నేను సూడలే అయ్యా. సరుకు యాడికి పోతాదంటాడు, ఎంతమంది ఉండారంటాడు, గంట కొట్టినా పోడు, కప్పు జూస్తాడు. నాకు సందేగంగా ఉండాది. లేబరాఫీసు మనిషేమో" అన్నాడు.

నాయుడికి చెమటలు పోశాయి. పోయడానికి కారణం ఉంది. మోటారున్న షెడ్డులో పదిమంది పనిచేస్తే సర్కారు చట్టమొచ్చి నెత్తిన కూర్చుంటుంది. అందుకని పుస్తకంలో తొమ్మిదిమందే ఉండేవాళ్లు. షెడ్డులో పద్నాలుగుమంది. ఆ మిగతా అయిదుగురూ బందులు కొనడానికి వచ్చి పొరపాటున సుత్తి పట్టుకున్న పెద్దమనుషులనుకోవాలి.

మర్నాటినించి ఆచారికి కూర్చోను ముక్కాలిపీట వచ్చింది. పదింటికి కాఫీ వచ్చింది. నిన్నటిదాకా "అప్పా" అన్న నాయుడు, "ఏమి సామీ" అనడం మొదలుపెట్టాడు. మర్యాద తెలిసిన ఇల్లు, మేర కూడా బాగానే పోస్తారని ఆచారి లోలోపల సంతోషించాడు.

వారం తిరిగి ఆదివారం ఉదయం, నాయుడు జరీపంచె కట్టుకుని రిక్షా దిగాడు. చేతిలో వెండిపళ్లెం. అందులో తమలపాకులు, అరటిపళ్లు, ఒక కవరు. కవర్లో నాలుగు వారాల కూలి నలభై ఎనిమిది రూపాయలు, దాని మీద భయం కొద్దీ ఇంకో పద్నాలుగు.

ఆచారి కళ్లలో నీళ్లు తిరిగాయి. సీతాలక్ష్మి వంక ఒకసారి చూశాడు, చూశావా అన్నట్టు. గబగబా తువ్వాలు భుజాన వేసుకుని, గడప దగ్గర నిలబడి, మొహం పక్కకు తిప్పుకుని, "మీ ఊళ్లో వానలెట్లా ఉండాయయ్యా?" అన్నాడు.

లంచం పుచ్చుకునే ఆఫీసర్లు అట్లాగే మొహం తిప్పుకుంటారని నాయుడికి తెలుసు. ఆయన ప్రాణం కుదుటపడింది. పళ్లెం గడప మీద పెట్టి, "సామికి తృప్తేనా?" అన్నాడు.

"నిండిందయ్యా" అన్నాడు ఆచారి.

అక్కడితో ఆగి ఉంటే ఇద్దరూ సుఖంగా ఉండేవాళ్లు. కానీ మేర తిన్న ఇంటికి ఏడాది పొడుగునా ఇనపపని చేసిపెట్టడం కమ్మరి ధర్మం. సోమవారం తెల్లవారగానే ఆచారి నాయుడి ఇంటికి వెళ్లి, పెరట్లో చతికిలబడి, "అమ్మా, కత్తిపీటలుంటే ఇయ్యండి. గరిటెలూ సూస్తా" అన్నాడు. నాయుడు పళ్లపుల్లతో పెరట్లోకి వచ్చేసరికి, లేబరాఫీసు దొరగారు తన పెళ్లాం కత్తిపీట సాన పడుతున్నారు.

నాయుడు పళ్లపుల్ల పారేశాడు. "సామీ, తమరు... లేబరాఫీసు కాదా?"

"గూడూరు పక్క కమ్మరినయ్యా. మీరెరగరా?"

"అట్లయితే నాలుగు వారాలు కూలికి ఎందుకు రాలేదప్పా?"

ఆచారి చెప్పాడు. కళ్లం, తువ్వాలు, చేట, అన్నీ చెప్పాడు. వింటున్నకొద్దీ నాయుడి మొహంలో భయం దిగిపోయి, దాని చోట పద్నాలుగు రూపాయలు, అరటిపళ్లు, రిక్షా బాడుగ వచ్చి కూర్చున్నాయి.

"ఇదో సూడు ఆచారీ" అన్నాడు. సామి అన్న పిలుపు అప్పుడే పోయింది. "పైన ఇచ్చిన పద్నాలుగూ నాలుగు వారాల్లో పట్టుకుంటా. నేను ఇల్లిల్లూ తిరిగి పళ్లెంలో కూలి పంచేవాణ్ని కాదు. శనివారం అందరి మాదిరి వరసలో నిలబడు, సెయ్యి సాపు, తీసుకో. నిలబడకపోతే సోమవారం రాబాకు. ఎవురింటి తలుపని ఇంకొకతూరి అడిగినా రాబాకు." లోపలికి పోబోతూ వెనక్కి తిరిగి, "ఆ కత్తిపీట ముగించి పో" అన్నాడు.

ఆచారి ముగించే పోయాడు.

కవర్లో వచ్చిన డబ్బు అద్దెకూ, లూర్దుమేరి బియ్యానికీ, కొత్త బియ్యానికీ పోయింది. శుక్రవారం అన్నం తింటూ, "ఊరికి పోదామే" అన్నాడు ఆచారి.

సీతాలక్ష్మి ఎప్పుడూ ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ పూట మాత్రం, "ఆడికి పోయి ఏం జేస్తావు? ఆడ అడిగినా ఇయ్యరు. ఈడ అడిగితే ఇస్తారు" అంది. అని, కూతురి కంచంలో మజ్జిగ పోసింది. ఆచారి కలిపిన ముద్ద కలిపినట్టే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

శనివారం వరసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. ఒక్కొక్కరే పోయారు. తన ముందు ఖాళీ అయ్యింది. కోదండరాం పేరు పిలిచి, రూపాయి బిళ్లలు ఎనిమిదీ, ఒక అర్ధరూపాయీ లెక్కపెట్టి చేతిలో పట్టుకున్నాడు. ఆచారి చెయ్యి లేవలేదు. ముప్ఫై ఏళ్లు సుత్తి ఎత్తిన చెయ్యి, ఏమీ లేని చెయ్యి, లేవలేదు. నాయుడు తన కుర్చీలోంచి చూస్తున్నాడు. తీసుకోబోయేది తన చెమటే అని ఆచారికి తెలుసు. తెలిసినా సిగ్గుతో చెవులు మండిపోయాయి. వాళ్ల నాయన గుర్తొచ్చాడు. తరవాత కూతురి కంచం గుర్తొచ్చింది.

చెయ్యి చాపాడు. కోదండరాం డబ్బు అందులో వేసి, "వేలిముద్ర" అన్నాడు.

ఇంటికి దారి ఎంత దూరమో ఆ రోజు అంతకు రెట్టింపయింది. కావాలనే చుట్టూ తిరిగి, సందులన్నీ తిరిగి వచ్చాడు. సీతాలక్ష్మి గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అంత తీరిగ్గా ఏరడానికి ఆ బియ్యంలో రాళ్లేమీ లేవు.

"ఇచ్చినారా?" అంది తలెత్తకుండా.

"ఆఁ" అన్నాడు ఆచారి. ఆగి, "పిలిసి... నాయుడే తెచ్చిచ్చినాడు" అన్నాడు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆమెకు చెప్పిన మొదటి అబద్ధం అది.

"అట్లనే ఇయ్యాల గదా" అంది సీతాలక్ష్మి.

అప్పుడు ఆచారి కూతురు గోడవారన నిద్రపోతుండడం చూశాడు. పిల్ల అరికాళ్లు నల్లగా ఉన్నాయి. చీలమండల దాకా బొగ్గుపొడి. సీతాలక్ష్మి కాళ్ల వంక చూశాడు. ఆమె చీరె కుచ్చెళ్లు లాక్కుని కాళ్లు కప్పుకుంది. కానీ అప్పటికే చూసేశాడు. వరస ముగిసేదాకా ఆ వాకిట్లో నిలబడి ఉంటారు, తల్లీ కూతురూ.

సీతాలక్ష్మి బియ్యం పక్కన పోసి, ఖాళీ చేట దులిపి, రెండు చేతులా పట్టుకుని మొగుడి ముందు నిలబడింది. మొహం పక్కకు తిప్పుకుంది. "ఈ ఊళ్లో వానలే లేవు" అంది.

ఆచారి మొలలోంచి డబ్బు తీసి చేటలో పోశాడు. ఎనిమిదిన్నర రూపాయలు జారి ఒక మూలకు చేరాయి. మిగతా చేటంతా వట్టి వెదురే.

"నిండిందా?" అన్నాడు.

సీతాలక్ష్మి చేట వైపు చూడలేదు.

"నిండిందయ్యా" అంది.