నాయిన మీద బూడిద రాయి

సిమెంటు లేకుండా, కరెంటు ప్లాంటు బూడిదతో రాయి తయారుచెయ్యడం నా ఉద్యోగం. దాని గురించి ఎవరైనా ఒక్క మాట అడిగితే చాలు, వాళ్ల చాయ్ చల్లారిపోయేదాకా వదలను. పోయినేడు నాయిన చనిపోయినప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు.

నాయిన గోదావరిఖనిలో బాయి దిగి బొగ్గు తీసిన మనిషి. సమాధి మీద నల్లరాయి పెట్టి పేరు చెక్కించాలని అమ్మ కోరిక. మా గల్లీలో పోయినవాళ్లందరికీ అదే పెట్టారు. నేను వద్దన్నాను. నల్లరాయి కోసం గుట్టలు తొలిచేస్తున్నారని, నా రాయి అంతకన్నా గట్టిదని పాఠం చెప్పాను. అమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"బతికినన్ని రోజులు బొగ్గు కింద ఉన్నడు. ఇప్పుడు బూడిద పెడ్తవా బిడ్డా?"

నవ్వేశాను. మా ల్యాబులో పలక పోయించి, పేరు అచ్చులోనే దింపించాను. అప్పుడే ఒక సదస్సు దగ్గరపడింది, దానికి ఫోటో కావాలి. అందుకని పలకను పూర్తిగా ఆరనివ్వకుండానే బండెక్కించాను. నాయిన సమాధి ఫోటో తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. తలచుకుంటే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాదు.

ఈ నవంబరులో సమాధుల పండుగకి అమ్మా నేనూ వెళ్లాం. ఆ రోజు మా చర్చివాళ్లంతా సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. సరిగా ఆరని నాయిన పలకలోంచి వానలకి ఉప్పు తెల్లగా పొంగి, పొరలుపొరలుగా రాలుతోంది. పేరులో సగం అక్షరాలు లేవు. నాయినతో ఒకే షిఫ్టులో పనిచేసిన కాక వచ్చి, ఇదేమైందని అడిగాడు. సున్నం ఎక్కువ పడ్డదని అమ్మే చెప్పింది. చిన్నప్పుడు అబద్ధమాడితే నన్ను చీపురుకట్టతో కొట్టిన మనిషి ఆమె. తెచ్చిన బంతిపూలన్నీ పేరు ఉండాల్సిన చోట కుప్పపోసింది.

కాక వెళ్లాక ఇద్దరం ప్రార్థనకి తల వంచాం. నేను కళ్లు మూయలేదు. ఉప్పు ఏ అంచు నుంచి మొదలైందా అని చూస్తున్నాను. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది.

అమ్మ చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది. పూలు మెల్లగా పక్కకు జరిపింది.

"ఫోటో తీసుకో బిడ్డా," అన్నది. "నీ పనికి అక్కరొస్తదేమో."