ఎర్రమ్మ ఇంట్లో నేను జీడిపిక్కలు కొట్టిన వైనం

మొహం చూసి బొట్టు పెట్టమన్నారు పెద్దలు. నా మొహం చూసి ఊరు ఊరంతా కొబ్బరినూనె గిన్నెలతో పరుగెత్తుకొచ్చిన రోజొకటుంది. ఆ మొహం ఎలా తయారైందో చెబుతాను. నవ్వుకోండి గానీ, నా ఎదురుగా మాత్రం వద్దు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి మూడు నెలలు. పొద్దున్నే టెక్కలిలో బస్సెక్కి, పలాసలో దిగి, ఆటో పట్టుకుని ఉద్దానం ఊళ్లకు పోయేదాన్ని. ముందు బడిలో ఎవరు రాలేదో చూసుకోవడం, తర్వాత ఆ పిల్లల ఇళ్లకెళ్లి తల్లుల్ని బతిమాలడం, సాయంత్రం సంస్థ గ్రూపులో ఫొటోలు పెట్టడం. ఫొటో లేకపోతే మనం ఆ రోజు పుట్టనట్టే లెక్క.

నా ప్రాణానికి వచ్చిపడింది గౌరి. పదో తరగతి. బాగా చదివే పిల్ల, బడి మానేసి తల్లి ఎర్రమ్మతో పాటు ఇంటి అరుగు మీద జీడిపిక్కలు కొడుతోంది. హెడ్మాస్టరు తేల్చి చెప్పేశారు.

"సోమవారం తల్లుల సమావేశం. ఆరోజుకీ పిల్ల రాకపోతే పరీక్షల జాబితాలో పేరు రాయలేనమ్మా. నువ్వేగా తీసుకొస్తానన్నావు?"

అన్నాను. అందరి ముందూ గుండె మీద చెయ్యేసుకుని మరీ అన్నాను. నాలుగుసార్లు వెళ్లినా ఎర్రమ్మ కరగలేదు. నాకు అన్నం సయించడం మానేసింది.

ఆదివారం ఆఖరి ప్రయత్నంగా వెళ్లాను.

"రేపు గౌరిని పంపించండి, ఎర్రమ్మగారూ."

"పంపితే ఈ పిక్కలెవులు కొడతారు? నువ్వు కొడతావేటి?"

అక్కడ తల దించుకుని వచ్చేసి ఉంటే ఈ కథే లేదు. "ఓ! అదెంత పని?" అని చతికిలబడ్డాను.

ఎర్రమ్మ గిన్నె నా ముందుకు తోసింది. "ముందు సేతులకి ఆముదం, బూడిద రాసుకోమ్మా. జీడి కాల్చేత్తది."

బూడిద చేతులతో ఫోను ఎలా పట్టుకోను? ఫొటో ఎలా తీసుకోను? "పర్లేదండీ" అన్నాను.

"మేడం, పిక్క పెంకులో నూనుంటాది. అంటితే తోలూడిపోద్ది" అంది గౌరి.

"నాకు తెలుసులే!" అన్నాను. టెక్కలిలో పుట్టి, జీడిపప్పును ఉప్మాలో తప్ప ఇంకెక్కడా కలవని నేను!

అరగంట కొట్టాను. పది పిక్కల్లో ఎనిమిది రవ్వయ్యాయి. అంతలో సంస్థ నుంచి సారు ఫోను. ఆ చేత్తోనే ఫోను కుడిచెంపకి ఆనించుకుని, నా సేవల గురించి పావుగంట సేపు వర్ణించాను. మధ్యలో చెమట తుడుచుకున్నాను. ముక్కు కూడా గోక్కున్నాను.

సోమవారం పొద్దున అద్దంలో ఎవరో ఉన్నారు. కుడికన్ను మూసుకుపోయింది. చెంప పూరీలా పొంగింది. దాని మీద చెవి నుంచి గడ్డం దాకా ఎర్రగా, మూలలతో సహా, నా ఫోను అచ్చు!

"సెలవు పెట్టవే" అంది అమ్మ.

"పెడితే గౌరి సంగతేంటమ్మా?" అని చున్నీ కప్పుకుని బయల్దేరాను. జీడి ముట్టనేల, మొహం దాచనేల!

బడిలో తల్లులంతా కూర్చున్నారు. ఎర్రమ్మ వచ్చింది, ఒంటరిగా. "మాట్లాడమ్మా" అన్నారు హెడ్మాస్టరు. లేచాను. చున్నీ జారింది.

"ఓలమ్మో! ఏటా మొకం?"

పక్కిళ్ల నుంచి కొబ్బరినూనె గిన్నెలొచ్చాయి. ఎర్రమ్మే జరిగింది చెప్పింది. వెనక నుంచి ఒకావిడ అందుకుంది. "ఇంత సదూకుంది, పిక్క ముట్టుకోడం తెల్దా? మరా సదువు మన పిల్లలకెందుకే?"

అందరూ పడీపడీ నవ్వారు. అయిపోయింది. గౌరి పేరు నా చేతులారా నేనే కొట్టేశాను. ఏడుపొచ్చింది. ఆ కన్నీళ్లు చెంప మీదికి జారి ఇంకా మండాయి.

ఎర్రమ్మ మాత్రం నవ్వలేదు. దగ్గరకొచ్చి, నా గడ్డం పట్టుకుని, మొహం వెలుతురుకి తిప్పి చాలాసేపు చూసింది.

"పెళ్లయిన కొత్తలో ఈ పనిలో కూకున్నప్పుడు నా మొకమూ ఇలగే అయినాది. మరిసిపోనాను. గౌరికి ఇంకా సేతులే కాలినాయి." హెడ్మాస్టరు వైపు తిరిగింది. "మాట్టారూ, పేరు రాసీండి. బేగెల్లి పిల్లని తోలుకొత్తాను."

వెళ్లింది. తీసుకొచ్చింది. నెల రోజుల నా ఉపన్యాసాలకు కదలని మనిషి ఒక్క చెంపకు కదిలింది. నేను మళ్లీ ఏడ్చాను, మళ్లీ మండింది.

ఇంతలో హెడ్మాస్టరు దగ్గరకొచ్చి మెల్లగా అన్నారు. "అమ్మా, పక్క ఊళ్లో ఇంకో ఇద్దరు పిల్లలు బడి మానేశారు. వాపు తగ్గకముందే ఓసారి అక్కడికీ వెళ్లిరాకూడదూ?"

తెరుచుకున్న ఆ ఒక్క కంటి సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరినైనా నోటితోనే ఒప్పిస్తాను గానీ, మొహాన్ని మాత్రం పెట్టుబడి పెట్టను.