దుప్పటికి రెండో కొస

ఈ నగరంలో బడిపిల్లలు ఇప్పుడు ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలబడి దుప్పటి పాట పాడతారు. అంతకుముందు పదేళ్లపాటు నగరమంతా ఆ పాటను సగమే పాడింది. తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

పాట మా పెద్దమ్మది. ముప్పై ఏళ్లు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికిన మనిషి. చూడ్డానికి పిడికెడంత ఉంటుంది, గొంతు విప్పితే వీధి చివర కుక్కలు లేచి కూర్చుంటాయి. ఆమె తోటికోడలైన మా అమ్మదీ అదే లాండ్రీ, అదే షిఫ్టు. పిండే యంత్రాలు లేని రోజులవి. తడి దుప్పటికి చెరో కొస పట్టుకుని ఇద్దరూ ఒకేసారి మెలిపెట్టాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే దుప్పటి జారి నేలపాలవుతుంది. చేతులు కలవడానికే ఆ పాట.

ఒకరోజు డాక్టరుగారి తెల్లకోటు మీద ఇస్త్రీపెట్టె మచ్చ పడింది. నువ్వంటే నువ్వనుకున్నారు. అంతే, మాటలు బంద్. పెద్దమ్మ మేడ మీద, మేము కింద. పదమూడేళ్లు ఒకే మెట్ల మీద ఎదురుపడి, గోడలు చూసుకుంటూ దాటిపోయారు. పంతంలో ఎవరికెవరూ తీసిపోరు.

గొడవైన మూడో ఏడు నగరానికి పాత పాటల పిచ్చి పట్టింది. ఒక సంగీతం మాస్టారు మూతపడ్డ సినిమాహాలు తెరిపించి, ప్రతి ఆదివారం మోతకూలీల పాటలు, పడవపాటలు, జోలపాటలు పాడించేవారు. గ్రంథాలయంలో పనిచేసే నేను టేపు రికార్డరు చంకన పెట్టుకుని పాటల వేటకు బయల్దేరాను. మొదటి వేట మా మేడ మీదే.

“ఎవరిని కప్పొచ్చావే తెల్ల దుప్పటీ?” అని పాడి పెద్దమ్మ కాసేపు ఆగింది. “ఏం మోసుకొచ్చావే బరువు దుప్పటీ?” మళ్లీ ఆగింది. ఆయాసమనుకున్నాను. సినిమాహాల్లో ఆ ఖాళీల్లో వేణువు పెట్టారు. ఇది జవాబు దొరకని జీవితం గురించిన పాట అని పేపర్లో ఒకాయన రెండు కాలమ్‌లు రాశాడు. చదివి మేమంతా మురిసిపోయాం.

పదేళ్లకు ఆ పాట బడి పాటల పుస్తకంలోకి ఎక్కింది. అచ్చుకు వెళ్లేముందు కాగితం పెద్దమ్మకు చూపించాను.

“ఇదేంటే, అన్నీ ప్రశ్నలే వేశారు? జవాబులేవి?”

“జవాబులున్నాయా!”

“మీ అమ్మ దగ్గరున్నాయి. ఆ వంతు తనది.”

“ఇన్నేళ్లూ చెప్పలేదేం పెద్దమ్మా?”

“నువ్వడిగావా? తన గొంతు కన్నా వేణువే నయంలే అనుకుని ఊరుకున్నా.”

సోమవారం అచ్చు. ఆ తర్వాత పిల్లలందరికీ సగం పాటే అసలు పాట అయిపోతుంది. కిందికి పరుగెత్తి అమ్మను బతిమాలాను.

“ఒట్టి చేతులతో గుర్తురాదే. ఓ దుప్పటి తడుపు,” అంది.

పెరట్లో రెండో కొస నేను పట్టుకున్నాను. మూడుసార్లు మెలిపెట్టాం, మూడుసార్లూ దుప్పటి మట్టిలో పడింది. అమ్మకు ఒక్క మాటా గుర్తురాలేదు.

“చదువుకున్న చేతులు!” అని మేడ మీంచి పెద్దమ్మ కేక వినబడింది. “మోచెయ్యి ఒంటికి ఆనించవే!”

ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. పెద్దమ్మ వచ్చి నా చేతిలోని కొస లాక్కుంది. అమ్మ ముఖం చూడలేదు, దుప్పటినే చూసింది.

“ఎవరిని కప్పొచ్చావే తెల్ల దుప్పటీ?”

“నిద్రపట్టని పిల్లనమ్మా, పిండి చూడవే!”

“ఏం మోసుకొచ్చావే బరువు దుప్పటీ?”

“ఇంటికెళ్లే ఆశనమ్మా, పిండి చూడవే!”

మా అమ్మ గొంతు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడుపొచ్చింది, రాసుకోవడం మాత్రం ఆపలేదు. ఇంతలో పెద్దమ్మ పాటలో లేని ప్రశ్న ఒకటి వేసింది.

“ఎవరు కాల్చారే ఆ తెల్ల కోటునీ?”

అమ్మ చెయ్యి ఒక్క క్షణం తడబడింది. దుప్పటి మాత్రం జారలేదు.

“కబుర్లలో పడి ఇద్దరమమ్మా, పిండి చూడవే!”

పెద్దమ్మ పకపకా నవ్వింది.

“మొత్తం ఎన్ని చరణాలమ్మా? పుస్తకంలో వేయాలి,” అని అడిగాను.

“లెక్కేంటే? నీళ్లు కారడం ఆగేదాకా పాడటమే,” అంది అమ్మ.

చూస్తే చివరి చుక్క కూడా రాలిపోయింది. ఇక పాట అయిపోవాలి. పెద్దమ్మ ఆ పిండిన దుప్పటిని తీసుకెళ్లి మళ్లీ బకెట్లో ముంచింది.

“మురికి పోలేదు,” అంది.

అమ్మ రెండో కొస అందుకుంది.