గోరు దిగిన రబ్బరు

మా మేనమామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను ఫ్యాక్టరీలో ఒక కుక్కర్ గ్యాస్కెట్‌ను గోటితో నొక్కి చూస్తున్నాను. ఆ పని నేర్పింది ఆయనే. "మామ పోయిండు బిడ్డా" అని అత్త ఏడుస్తోంది. నా బొటనవేలు మాత్రం ఆ రబ్బరు మీదే ఉండిపోయింది.

ఆర్మూర్ బస్టాండు వెనక మామకు టైర్ల దుకాణం ఉండేది. అరిగిన టైర్లకు కొత్త రబ్బరు పట్టీ వేసి, అచ్చులో పెట్టి ఉడికించి ఇచ్చేవాడు. అంతకుముందు చాలా ఏళ్లు పొలాల్లో పసుపు ఉడకబెట్టేవాడు. కడాయిలోంచి ఒక కొమ్ము తీసి, గోరు గుచ్చి, "ఇగ దించుండ్రి" అని చెప్పడం ఆయన పని. తర్వాత పని మారింది గానీ గోరు మారలేదు. ఎడమచేతి బొటనవేలి గోరు ఒక్కటి పెంచుకునేవాడు. అత్త ఎంత మొత్తుకున్నా కత్తిరించనిచ్చేవాడు కాదు. "అది నా మీటర్" అనేవాడు. సొరకాయ, కొత్త చెప్పులు, ఎవరింటికో వెళ్తే వాళ్ల సోఫా, అన్నిటికీ అదే పరీక్ష. నా ఎమ్మెస్సీ పట్టాను కూడా వదల్లేదు. లామినేషన్ మీద నొక్కి, "మంచిగనే అతికిచ్చిండ్రు" అని మెచ్చుకున్నాడు.

పాలిమర్ కెమిస్ట్రీ చదివి హైదరాబాద్ పక్కన రబ్బరు ఫ్యాక్టరీలో చేరుతున్నానంటే అమ్మ నెత్తి కొట్టుకుంది. "పంక్చర్లు వెయ్యనీకి గింత సదువా?" అంది. మామ ఒక్కడే "మా కోడలు రబ్బరు డాక్టర్" అని బజారంతా చాటింపు వేశాడు. ఇక చూడండి, నేను సెలవుకు వస్తే చాలు, బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చాటలు పక్కన పెట్టి, కుక్కర్ గ్యాస్కెట్లు పట్టుకుని మా గుమ్మం ముందు కూర్చునేవారు. "జర చూడు బిడ్డా, సీటీ వస్తలేదు" అని ఒకరు, "ఆవిరంతా పక్కల పొంటి పోతుంది" అని ఇంకొకరు.

ఆ రబ్బరు డాక్టర్ మొదటి నెల చేసిన ఘనకార్యం చెబుతాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నా కొత్త మిశ్రమంతో మచ్చుకు కొన్ని గ్యాస్కెట్లు చేస్తున్నారు. అవి ఎన్ని నిమిషాలు ఉడకాలో యంత్రం చెప్పిన కాగితం నా చేతిలోనే ఉంది. అయినా అచ్చు అంచు నుంచి కాస్త రబ్బరు బయటికి పొంగగానే నా వేలు దాని మీదికి పోయింది. గోరు మెత్తగా దిగింది. చిన్నప్పుడు కడాయి దగ్గర చూసిందే కదా, "ఉడికింది, తీసేయండి" అన్నాను ధీమాగా. అచ్చు తెరిచారు. గ్యాస్కెట్లన్నీ జిగురులా సాగుతూ ఇనుప పలకను కరుచుకుని వచ్చాయి.

బాత్రూంలో దూరి మామకు ఫోన్ చేశాను. అంతా విని ఆయన పడీ పడీ నవ్వాడు.

"అరే పిచ్చిదానా! పసుపైతే గోరు దిగాలె. రబ్బరైతే గోరును ఎల్లగొట్టాలె. నువ్వు పసుపును చూసినట్టు చూసినవే!"

"నా నౌకరి పోతది మామా."

"పోతే ఇంకోటి దొరుకుతది, ఫికర్ చెయ్యకు. గని తప్పు మిషిన్ మీదికి నెట్టకు, నేనే చేసిన అని చెప్పు. దుకాణం పెట్టిన కొత్తల నేను గిదే చేసిన. లారీ గీ పక్కనున్న పెర్కిట్ దాకన్న పోలే, పట్టీ ఊడి బర్రె మెడల పడ్డది. దండేసినట్టు!"

ఏడుద్దామని ఫోన్ చేసినదాన్ని నవ్వుతూ బయటికి వచ్చాను. ఆ రోజు ఆయన తిట్టి ఉంటే నేరుగా బస్సెక్కి ఇంటికి వచ్చేసేదాన్ని.

మేనేజర్ దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాను. "కాగితం చేతిలో ఉండగా గోరెందుకు పెట్టావమ్మా?" అన్నారాయన.

"మా ఊళ్లో పసుపు అట్లాగే చూస్తారు సార్."

"ఏ ఊరు?"

"ఆర్మూర్."

"పసుపు పండే ఊరే మరి" అంటూ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మూడు నెలలు గ్యాస్కెట్లు ఉడికించే ఆ ప్రెస్ దగ్గరే నిలబడి పని నేర్చుకో. ముందు ఆ గోరు కత్తిరించు" అన్నారు. ఉద్యోగం నిలిచింది. గోరు మాత్రం నేనూ కత్తిరించలేదు.

కిందటి నెల దవాఖానలో మామను చూడటానికి వెళ్లాను. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. నన్ను చూడగానే దాని అంచును గోటితో నొక్కి, బాగుందన్నట్టు తల ఊపాడు. అంత బాధలోనూ నవ్వొచ్చింది. నా సంచిలో ఇంకా ఉడికించని రబ్బరు ముక్క ఒకటి ఉంది. నేను తయారు చేసిన మిశ్రమాల్లో మొదటిసారి ఫ్యాక్టరీలో అందరూ ఒప్పుకున్నది. ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో నొక్కాడు. గోరు దిగింది. మాస్కు కొంచెం పక్కకు జరిపి, "ఇది ఇంకా ఉడకాలె బిడ్డా" అన్నాడు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

ఆ ముక్క ఇప్పుడు ల్యాబ్‌లో నా సొరుగులో ఉంది. నిన్న మేనేజర్ చూసి, "పరీక్షకు పెట్టాల్సిందేనా?" అని అడిగారు. "కాదు సార్, ఇది ఉడికించేది కాదు" అన్నాను. ఆయన వెళ్లాక తీసి చూశాను. నల్లటి రబ్బరు మీద నెలవంకలా ఆయన గోటి గుర్తు అలాగే ఉంది. పక్కన నా బొటనవేలు ఆనించాను. నొక్కలేదు.