నా గొంతుకు గది కట్టిన పెద్దబాపు

పెద్దబాపు పోయాడని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేసి చెప్పాడు. నేను మియాపూర్ బస్ డిపో దగ్గర పాల ప్యాకెట్లు తీసుకుంటున్నాను. "చెల్లే, బాపు పోయిండు. చాయ్ తాగి కప్పు కింద పెట్టిండు, గంతే," అన్నాడు. నేను పాలు దుకాణంలోనే వదిలేసి ఆటో ఎక్కాను.

ఆ రోజు వచ్చినవాళ్లందరూ ఒకే మాట అన్నారు. డెబ్బై దాటాయి, మంచాన పడలేదు, ఒకరి చేత చేయించుకోలేదు, అదృష్టవంతుడు అని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండింది. చావులో అదృష్టమేమిటి? ఆయనకు ఇంకా బోలెడు పనుంది. నాకు కట్టిన గది తలుపు కింద వేలెడు సందు ఉందని, దానికి రబ్బరు పట్టీ తెస్తానని కొలత రాసుకుని వెళ్లాడు. పనికి కొలత తీసుకున్న మనిషి మధ్యలో పోవడాన్ని నేను ఒప్పుకోను. ఒప్పుకోకుండానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెద్దబాపు మా బాపుకు అన్న. కరీంనగర్ దిక్కు నుంచి మీసాలు రాని వయసులో బాలానగర్ వచ్చి, ఇనుప రేకులు వంచే ప్రెస్సుల మధ్య నలభై ఏళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. ఆ చప్పుడు ఆయన చెవుల్ని సగం తినేసింది. అందుకే అరిచినట్టు మాట్లాడేవాడు. ఆయన ఫోనులో మాట్లాడుతుంటే, "ఆ ఫోను పక్కకు పెట్టినా వాళ్లకు వినొస్తది," అని పెద్దమ్మ ఎగతాళి చేసేది. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, కొలిచే టేపు ఉండేది. ఎవరింటికి వెళ్లినా కుర్చీని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసి అప్పుడు కూర్చునేవాడు. ఊగిందా, కూర్చోడు. విప్పి, మళ్లీ బిగించి కూర్చుంటాడు. మా అక్క పెళ్లిలో వియ్యంకుడు కూర్చోబోయే కుర్చీని విప్పి కింద పరిచేశాడని మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి, సగం చెవుడున్న మనిషి, నాకు స్టూడియో కట్టాడు. నవ్వొస్తే నవ్వండి. మా చుట్టాలు కూడా నవ్వారు.

నేను ఏడేళ్లు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఫోన్లు ఎత్తాను. చేరిన కొత్తలో నెల రోజులు కూర్చోబెట్టి మా నోళ్లు కడిగారు. 'ఏంది' అనకూడదు, 'గిట్ల' అనకూడదు, 'జర ఆగండి' అసలే అనకూడదు. ఏ ఊరిదో తెలియని గొంతు తయారయ్యాక శిక్షణ పూర్తయిందని చప్పట్లు కొట్టారు. ఏడేళ్ల తర్వాత, ఆ ఫోన్లు ఎత్తడానికి ఇక మనుషులు అక్కర్లేదని మెడలో కార్డు తీసుకుని పంపించేశారు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఇప్పటికీ ఉంది.

ఆ కడిగిన గొంతుతోనే బతుకుదామనుకున్నాను. ఇంట్లోంచే ప్రకటనలకు, పిల్లల పాఠాలకు గొంతు ఇచ్చే పని. మైకు చందానగర్‌లో పాటలు మానేసిన ఒకాయన దగ్గర వాడినదే దొరికింది. పాత ల్యాప్‌టాప్ ఉంది. చప్పుడు లేని గదే లేదు. నాది రెండు గదుల కిరాయి పోర్షన్. గోడకు అవతల లిఫ్టు, కింద నీళ్ల మోటారు, ఎదురుగా లేస్తున్న బిల్డింగు, పైన ఏదో ఒకటి దంచుతూ ఉండే ఆంటీ. స్టూడియోలు కట్టేవాళ్లను అడిగితే వాళ్లు చెప్పిన ధరకు నేను మైకుతో సహా నన్ను నేను అమ్ముకోవాలి. వీడియోలు చూసి, కోడిగుడ్ల అట్టలు తెచ్చి గోడ నిండా అతికించాను. రెండు వారాల్లో బొద్దింకలు కాపురం పెట్టాయి. చప్పుడు మాత్రం తగ్గలేదు. మొదటి సాంపిల్ పంపిస్తే, గొంతు బాగుంది కానీ వెనకాల ఏదో గుయ్యిమంటోందని తిప్పి పంపారు.

ఆ ఆదివారం పెద్దబాపు వచ్చి గోడ వైపు చాలాసేపు చూశాడు.

"ఇదేంది బిడ్డా, గోడ గుడ్లు పెట్టిందా?"

"చప్పుడు రాకుండ పెట్టిన పెద్దబాపూ."

"చప్పుడు కాదు, కోళ్లు గూడ ఆగయి వీటికి," అని మొదటి అట్ట ఆయనే పీకాడు.

బాలానగర్‌కు కొత్త యంత్రాలు వచ్చే చెక్కపెట్టెలు ఆయనకు తెలిసిన షెడ్డుల వెనక ఊరికే పడి ఉండేవి. అడిగి తెచ్చుకున్నాడు. పెద్దమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు పదకొండు ఇచ్చింది. ఆ చెక్కలతో ఒక మనిషి నిలబడినా తల తగలనంత గూడు కట్టి, లోపల మూడు పొరలుగా బొంతలు వేలాడదీశాడు. దాన్ని స్టూడియో అని ఒక్కసారి కూడా అనలేదు. డబ్బా అనేవాడు. నేను ఊపి చూస్తే రవ్వంత కూడా కదల్లేదు. గోడకు నాలుగు చోట్ల, నేలకు రెండు చోట్ల బోల్టులు దిగ్గొట్టాడు మరి. తన పని చూసి మురిసిపోయి నాకు తనే చాయ్ పెట్టి ఇచ్చాడు.

మర్నాడు రికార్డు చేసి చూస్తే, గుయ్యిమనడం మునుపటికంటే రెట్టింపైంది. నేను డబ్బాలోనే కూర్చుని ఏడ్చాను. ఫోన్ చేసి చెబితే పరుగున వచ్చాడు. కానీ ఆయనకు ఆ చప్పుడు వినిపించదు. ఎంత చెప్పినా వినిపించదు. అందుకని వాచ్‌మన్‌ను మోటారు వేయమని చెప్పి వచ్చి, అరచెయ్యి చెక్కకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఒక్కో బోల్టు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటూ పోయాడు. చివరిదాని దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాడు. చీమలు పాకుతున్నట్టు ఉంది. బిల్డింగు మోటారు అదురంతా ఆ బోల్టుల గుండా నడిచి నా మైకులోకి వస్తోంది.

యంత్రాన్ని నేలకు గట్టిగా బిగించకపోతే అది జరుగుతుంది, ఎవరి వేలో తెంపుతుంది. నలభై ఏళ్లు ఆయన అన్నం తిన్నది ఆ ఒక్క సూత్రం మీదే. నా గదికీ అదే చేశాడు. ఇంకెవరైనా అయితే మైకు మంచిది కాదనో, నాదే లోపమనో తప్పించుకునేవారు. ఆయన తప్పించుకోలేదు.

"తప్పు నాదే. గింతకాలం బిగించుడే నేర్చిన బిడ్డా. ఇగ ఇడ్సిపెట్టుడు నేర్వాలె," అని పానా తీశాడు.

ఆ పూటే ఆరు బోల్టులూ విప్పేశాడు. ఇంటాయన గొడవపడకుండా గోడకు, నేలకు పడ్డ చిల్లులన్నీ తెల్ల సిమెంటుతో పూడ్చాడు. యంత్రాల కాళ్ల కింద అదురు ఆగడానికి వేసే రబ్బరు ముక్కలు తెచ్చి, వాటి మీద డబ్బాను నిలబెట్టాడు. గోడకు రెండు వేళ్ల దూరం. ఎక్కడా ఏదీ తగలకూడదు. ఊపితే కొంచెం ఊగుతుంది. ఆ ఊగడం చూస్తే ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది, అయినా ముట్టుకోలేదు. ఆ రోజు మోటారు నడుస్తుండగా రికార్డు చేశాను. నా ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఫ్యాను పెట్టే వీలు లేదు కనుక ముప్పావుగంటకోసారి చెమటతో తడిసి బయటికి రావాలి, అదొక్కటే కష్టం.

తర్వాత మంచి పని దొరికింది. ఆరో తరగతి పిల్లల పాఠాలు, కథల్లాగా మనుషులు మాట్లాడుకుంటూ సాగేవి. బాగుంటే ఏడాదంతా అదే పని. టీచరు మామూలు తెలుగులో మాట్లాడాలని, వాచ్‌మన్, ఆయా, ట్రాక్టరు నడిపే అతను తెలంగాణ యాసలో మాట్లాడాలని రాసి పంపారు. చెప్పినట్టే చదివాను. పెద్దబాపు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శబ్దం చివరిదాకా పెంచి విన్నాడు. విని తీసి అడిగాడు:

"గీ టీచరమ్మ ఏ ఊరామె?"

"ఏ ఊరూ కాదు పెద్దబాపూ. మామూలు తెలుగు."

"మరి వాచ్‌మన్ ఒక్కడే మనోడా? మనోళ్లల్ల సదువుకున్నోళ్లు లేరా?"

"నేను గట్ల చదివితే పని పోతది," అన్నాను.

"పోతె పని పోతది. నోరు నీదే ఉంటది గద," అన్నాడు. అరిచినట్టే అన్నాడు. తెరిచి ఉన్న తలుపు బయట, లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు.

వారం రోజులు కొట్టుకున్నాను. చివరికి ఒక పాఠంలో టీచరు మాటలన్నీ మా బడిలో మా సోషల్ టీచరు మాట్లాడినట్టే చదివి పంపాను. పాఠాలు చూసే మేడం ఫోన్ చేసింది. గోదావరి వైపు మనిషి, చెడ్డది కాదు.

"చాలా బాగా చదివారండీ. కానీ టీచరు పాత్ర కదండీ, కాస్త గౌరవంగా ఉండాలి కదా?"

"మా టీచరు గిట్లనే మాట్లాడేది మేడం. ఆమె వస్తె మేం లేచి నిలబడేటోళ్లం."

"పైన అడిగి చెబుతానండీ," అంది.

మూడు వారాలు ఏ కబురూ లేదు. ఆ మధ్యలోనే పాత ఆఫీసు స్నేహితురాలు గచ్చిబౌలిలో మళ్లీ ఫోన్లెత్తే ఉద్యోగం చూసింది. రానన్నాను. అన్నానే కానీ, ఏడాది పని చేజేతులా పోగొట్టుకున్నానేమోనని రోజూ భయపడ్డాను. పెద్దబాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "వచ్చిందా?" అని అడిగేవాడు. లేదంటే, "ఫికర్ వెట్టుకోకు. వాళ్లు ఇనాలె గద, టైం పడ్తది," అనేవాడు. సోమవారం సాయంత్రం కూడా అడిగాడు. మంగళవారం పొద్దున పోయాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక అన్న నన్ను పక్కకు పిలిచాడు. వాడూ నా మంచి కోరేవాడే. "బాపు ఉన్నన్ని దినాలు ఆయన ముచ్చట తీర్చినవ్ చెల్లే. ఇగ ఆ డబ్బా తీసేసి నౌకరి చూసుకో," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే గడప దగ్గర్నుంచి పెద్దమ్మ అందుకుంది. "ఆ డబ్బల నా బొంతలున్నయ్ కొడుకా. తీసుడా, ఉంచుడా నేను జెప్పాలె. ముందుగాల నన్ను సూడనియ్."

మేడం మెసేజ్ ఆ వారమే వచ్చింది. ఆ ఒక్క పాఠం కొన్ని బడుల్లో వినిపించి చూస్తారట. పిల్లలకు టీచరు మాట నచ్చకపోతే, అర్థం కాకపోతే, టీచరు మాటలన్నీ మళ్లీ మామూలు తెలుగులోకి మార్చాలట. ఆ మాట చెప్పడానికి సాయంత్రం ఫోన్ చేసే మనిషి లేడు. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం అన్న పెద్దమ్మను తెచ్చి దింపి వెళ్లాడు. మోకాళ్ల నొప్పులతో ఆమె అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఒక్కో బొంతనూ తడిమి, అది ఏ చీరదో చెప్పింది. తర్వాత డబ్బాలోని స్టూలు మీద కూర్చుని, "ఆయనకు సగం సగమే వినొచ్చేది. ఇంటికొచ్చి నీ పాఠాలు తప్పులు తప్పులు చెప్పేటోడు. నాకు మొత్తం వినిపియ్," అంది. పెద్దమ్మ బడి ముఖం చూసిన మనిషి కాదు. పేరు రాయడం కూడా రాదు. హెడ్‌ఫోన్స్ ఆమె తలకు తగిలించి, డబ్బా తలుపు తెరిచే ఉంచి, ఆ పాఠమే పెట్టాను.

నీళ్ల పాఠం అది. మధ్యలో టీచరు పిల్లలను అడుగుతుంది: "మన ఊర్ల బాయిలు ఎందుకు ఎండుతున్నయి? ఎవరు జెప్తరు? లేచి జెప్పాలె." పిల్లలు జవాబు చెప్పడానికి అక్కడ కొంచెం ఖాళీ వదిలాను.

పెద్దమ్మ లేచి నిలబడింది. చెవులు మూసి ఉన్నాయి కాబట్టి ఎంత గట్టిగా అంటున్నదో ఆమెకు తెలియదు. "బోర్లేసి బోర్లేసి పీల్చితిరి, ఇగ బాయిల నీళ్లు యాడుంటయి టీచరమ్మా!" అంది.

ఖాళీ అయిపోయి, నా గొంతు ఆమెకు మళ్లీ వినిపించి ఉంటుంది. "మంచిగ జెప్పినవ్ బిడ్డా, కూసో," అంటుంది టీచరు అక్కడ. పెద్దమ్మ కొంగు సర్దుకుని, చేతులు కట్టుకుని, కూర్చుంది.