జర్మన్ తాతగారి ఇంటికి

న్యూజెర్సీలోని మా పిస్కాటవే నుంచి పెన్సిల్వేనియాకి వెళ్ళాలంటే కారెక్కి పడమర వైపు తిప్పితే చాలు. నేను మాత్రం ముందు తూర్పున న్యూయార్క్ దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణించి బస్సులో మళ్ళీ న్యూజెర్సీ అంతా దాటుకుంటూ పడమరకి వచ్చాను. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ హైవేల మీద కారు నడపడం మానేశాను. జెర్సీ సిటీలో ఉండే మా అమ్మాయి కీర్తన "వీకెండ్ దాకా ఆగు నాన్నా, నేను డ్రైవ్ చేస్తా" అంది. నేను వెళ్ళవలసిన దుకాణం శని, ఆదివారాలు తెరవరు. పైగా ఈ పని ఒక్కణ్ణే చేసుకోవాలని నాకు పట్టుదల. కాబట్టి కారూ, మంచి కళ్ళూ ఉన్నవాళ్ళు నా దారిని అనుసరించవలసిన అవసరం ఏమీ లేదు.

వెంట తీసుకెళ్ళింది నా భార్య శారద వయొలిన్. మా బేస్‌మెంట్‌లో ఎన్నో ఏళ్ళపాటు తెలుగు పిల్లలకీ, తమిళ పిల్లలకీ కర్ణాటక సంగీతం నేర్పింది. నిరుడు వేసవిలో పోయింది. ఆ తర్వాత వచ్చిన చలికాలంలో హీటర్ వేడికి ఇంట్లో గాలి ఎండిపోయి, పెట్టెలో ఉన్న వయొలిన్ పైపలక నిలువునా చీలింది. శిష్యులంతా కలిసి జూన్ నెలలో ఆమె పేరు మీద కచేరీ పెట్టుకున్నారు. కీర్తన కూడా వాయించాలని అందరి కోరిక. "అమ్మ వయొలిన్ మీదైతే వాయిస్తా, లేకపోతే స్టేజ్ ఎక్కను" అంది తను. అమ్మ పోయాక తను కమాను పట్టుకున్నది లేదు. ఆ షరతు వినగానే, వాయించకుండా తప్పించుకోవడానికే పెట్టిందేమోనని నాకు అనుమానం వచ్చింది. చీలిక అలాగే ఉండిపోతే మా ఇంట్లో వయొలిన్ ఇక వినపడదని మాత్రం ఖాయంగా తెలుసు.

మా దగ్గరి వాయిద్యాల షాపులో చూపిస్తే, ఇది తమ వల్ల కాదన్నారు. "మెడ చివర ఈ తల చెక్కిన తీరు చూస్తే జర్మనీ పని. అక్కడి కొండల్లోంచి వచ్చిన కుటుంబం ఒకటి పెన్సిల్వేనియాలో ఉంది. అక్కడికి తీసుకెళ్ళండి" అని చెప్పారు.

జర్మనీ అని మాకు ముందే తెలుసు. శారదకి ఆ వయొలిన్ విజయవాడలో ఆమె గురువుగారు ఇచ్చారు. లోపల అంటించిన కాగితం మీద ఎవరో ఇటలీ ఆయన పేరుంటుంది కానీ అది ఉత్తదే, చేసింది జర్మన్ అని ఆయనే చెప్పారట. అప్పటి నుంచీ శారద మనసులో ఒక ముసలాయన ఉండేవాడు. తెల్ల గడ్డం, ముక్కు మీద కళ్ళద్దాలు, ఒళ్ళో చెక్కపొట్టు. ఆయన్ని "మా జర్మన్ తాతగారు" అనేది. ఒక్కోసారి మా మామగారి కంటే ఈయన గురించే ఎక్కువ మాట్లాడేది. నేను వేళాకోళం చేసేవాణ్ణి.

ఏప్రిల్ మొదట్లో ఒక బుధవారం, స్నేహితుడు నన్ను ఎడిసన్ స్టేషన్‌లో దింపాడు. ఆఫీసు రద్దీ తగ్గాక తొమ్మిది దాటి వచ్చే బండి. వయసు పైబడినవాళ్ళకి టికెట్ సగమే, కార్డు చూపించాలి. స్టీలు డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ, ఒళ్ళో వయొలిన్ పెట్టె. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి పెట్టె వైపే చూస్తోంది.

"వయొలినా అంకుల్? మీరు వాయిస్తరా?"

"లేదమ్మా. నేను వినేవాణ్ణి."

నవ్వింది. వరంగల్ అమ్మాయట. "చిన్నప్పుడు రెండేండ్లు నేర్చుకున్న అంకుల్. ఇప్పుడు హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ ఏమైతదో అనే టెన్షన్ల సరిగమలు గూడ మర్చిపోయిన" అంది. నూవర్క్‌లో దిగబోతూ బ్యాగు సర్దుకుంటుంటే, నేను కాళ్ళ దగ్గర దించిన పెట్టె అంచుకి తన బూటు తగిలింది. అమ్మాయి వెంటనే వంగి, పెట్టెని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. "సారీ అంకుల్" అని నాకూ చెప్పి దిగిపోయింది. పక్క సీటులో అమెరికన్ ఒకాయన, ఏం జరిగిందో అర్థంకాక పెట్టె వైపూ నా వైపూ చూశాడు. నేను వివరించలేదు. ఇలాంటివి ఇంగ్లీషులో చెప్పబోతే అరగంట పడుతుంది, చివరికి తప్పుగానే అర్థమవుతుంది.

న్యూయార్క్‌లో రైలు దిగి బస్ టెర్మినల్ దాకా నడిచాను. ఎనిమిదో అవెన్యూ వెంట తిన్నగా వెళ్ళడమే. పెట్టెని గుండెకి ఆనించుకుని నడుస్తుంటే జనం కాస్త దారి ఇచ్చారు. పెన్సిల్వేనియాలోని బెత్లెహెం వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సొరంగం దాటాక ఒళ్ళో డబ్బా విప్పి పులిహోర తిన్నాను. నా పక్కన ఒక రిటైరైన నర్సు కూర్చుంది. ఇంగువ వాసన గురించి ఏమీ అనలేదు, మర్యాదస్తురాలు. పెట్టె ఎవరిదని అడిగితే, నా భార్యది, ఆమె లేదని చెప్పాను.

"మా ఆయన ట్రంపెట్ ఇంకా మంచం కిందే ఉంది. పైకి తియ్యను, పారెయ్యను" అంది ఆవిడ. బయట కొండలు మొదలయ్యాయి. చెట్లు ఇంకా చిగుర్చలేదు.

బస్సు దిగి క్యాబ్ మాట్లాడుకుంటే ఇరవై నిమిషాల్లో ఆ చిన్న ఊరికి చేర్చాడు. జర్మన్లు ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఊళ్ళు ఇవన్నీ, రాతి ఇళ్ళు, మందపాటి గోడలు. దుకాణం ఒక ఇంటి వెనక భాగంలో ఉంది. తలుపు తీసినావిడ పేరు ఇంగ్రిడ్. అరవై దాటి ఉంటాయి, పొట్టి నెరిసిన జుట్టు, తోలు ఏప్రన్. పలకరింపులకి ఎక్కువ సమయం ఇచ్చే మనిషి కాదు. లోపల జిగురూ, వార్నిషూ కలిసిన వాసన. గోడ మీద వరసగా వయొలిన్ తలలు వేలాడుతున్నాయి. ఒళ్ళు లేకుండా, ఉత్త మెడా, చుట్టలు చుట్టుకున్న తలా మాత్రమే. చూడగానే నాకు కొంచెం భయం వేసింది.

ఆవిడ వయొలిన్‌ని దీపం కింద తిప్పి తిప్పి చూసింది. చీలిక మీద వేలితో మెల్లగా రాసింది. తర్వాత తల దగ్గర ఆగింది.

"ఇదేమిటి, ఒక వైపు ఇంతలా అరిగింది? గోడకి ఆనించి పెట్టేవారా?"

"వాడకం వల్ల" అన్నాను.

"వాడితే తల అరగదు. తలని ఎవరూ ముట్టుకోరు."

నేను మాట మార్చి, మీ కుటుంబం కథ చెప్పండి అన్నాను. నిజానికి నేను అంతదూరం వచ్చింది సగం దానికోసమే. జర్మన్ తాతగారు ఎవరో తెలిస్తే కీర్తనకి చెబుదామని.

ఇంగ్రిడ్ చేతులు ఆడిస్తూనే చెప్పింది. వాళ్ళ పూర్వీకులది జర్మనీకి తూర్పు సరిహద్దున కొండల్లో ఒక పల్లె. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వయొలిన్లే బతుకుతెరువు. అయితే వయొలిన్ మొత్తం ఎవరూ చేసేవారు కాదు. ఒక ఇంట్లో పైపలకలు, ఇంకో ఇంట్లో అడుగు పలకలు, వేరొకరు తీగలు బిగించే బిరడలు, వేరొకరు కమానులు. ఆడవాళ్ళు వంటింట్లో వార్నిష్ పూసేవారు. వారానికోసారి వ్యాపారి బండి వచ్చి అన్నీ పోగుచేసుకునేది. అతికించి, లోపల ఏదో గొప్ప ఇటలీ పేరున్న కాగితం అంటించి, పెట్టెల్లో సర్ది ఓడలెక్కించేవారు. అమెరికాకి, ఇండియాకి, ఎక్కడికంటే అక్కడికి.

"మా ఇంట్లో తలలు చెక్కేవాళ్ళు. తలలు మాత్రమే" అంది గోడ వైపు చూపిస్తూ. "మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడికి వచ్చి, మొత్తం వయొలిన్ చేయాలని చూశాడు. ఆయనకి తల తప్ప ఏదీ సరిగ్గా వచ్చేది కాదు. రిపేర్లు చేసి పిల్లల్ని పెంచాడు. మేమూ అదే చేస్తున్నాం."

నాకు మనసు చివుక్కుమంది. ఇంతకీ తాతగారంటూ ఒకరు లేరన్నమాట. ఎవరి వంటింట్లోనో పూసిన వార్నిష్, ఎవరి పెరట్లోనో ఆరిన పలక. శారద అన్నేళ్ళూ ఊహించుకున్న ఆ గడ్డం ముసలాయన, ఏ ఒక్క ఇంట్లోనూ కూర్చుని ఆ వయొలిన్ చెయ్యలేదు. ఈ సంగతి ఆమెకి తెలియకుండా పోవడమే మంచిదైంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు మరింత బాధ కలిగింది.

ఇంగ్రిడ్ ఇంతలో చిన్న అద్దం ఒకటి పెట్టి, బిరడలు గుచ్చే అరలోకి తొంగిచూసింది. చాలాసేపు చూసింది. లేచి గోడ మీంచి ఒక తలని తీసి, దాని అరలోకి చూపించింది. ఉలి మొనతో పొడిచిన రెండు చిన్న గంట్లు, పక్కపక్కన. మా వయొలిన్‌లోనూ అవే గంట్లు.

"పని ముగిశాక ఆయన ఇలా పొడిచేవాడు. వ్యాపారి సంతకాలు ఒప్పుకోడు కదా. ఈ తల మా ముత్తాత చేతిదే." ఆవిడ గొంతు మొదటిసారి మెత్తబడింది. "చీలిక అతుకుతాను. అరిగిన చోట చెక్క పూడ్చి, మళ్ళీ చెక్కి ఆయన చెక్కినట్టే చేస్తాను. దానికి మీరేమీ ఇవ్వక్కర్లేదు. అది నా కోసం."

ఇక దాచడానికి వీల్లేదు. ఒక మనిషితో, మీ ముత్తాత చెక్కిన తలని నా భార్య కాలి మీద పెట్టుకునేదని ఎలా చెప్పడం? మన ఊళ్ళో వాళ్ళతో అయితే చెప్పే పనే లేదు, అందరికీ తెలిసిన కూర్చునే పద్ధతే. ఇక్కడ ఈవిడ గోడకి పూజా పటాల్లా వేలాడదీసిన తలల మధ్య నిలబడి చెప్పాలంటే నోరు రాలేదు.

చెప్పడం చేతకాక, కింద కూర్చున్నాను. ఈ మోకాళ్ళతో ఆ పని అంత తేలిక కాదు. ఎడమ కాలు మడిచి, కుడి కాలు కొంచెం ముందుకి చాపి, "ఇలా ఇవ్వండి" అన్నాను. అన్నేళ్ళ కాపురంలో ఆ వయొలిన్‌ని నేనెప్పుడూ ఆ భంగిమలో పట్టుకోలేదు. అడుగు భాగం ఎడమ భుజం కింద ఆనించుకుని, తలని కిందికి దించాను. అరిగిన వైపు నా కుడి చీలమండ మీద సరిగ్గా కూర్చుంది. ఆమె కాలికి అమరినట్టే నా కాలికీ అమరింది.

అప్పుడు, అలవాటుగా వినీ వినీ ఉన్నందువల్ల, నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చింది. "తాతగారూ, క్షమించండి."

"ఏమన్నారు?" అంది ఇంగ్రిడ్.

చెప్పాను. మాకు కాలు తగలడం తప్పని, అందులోనూ విద్యకి తగిలితే మరీ తప్పని. కానీ మా సంగీతం వాయించాలంటే ఇలాగే కూర్చోవాలి, లేకపోతే ఎడమ చెయ్యి తీగ మీద జారదు. అందుకని శారద రోజూ పొద్దున్నే వయొలిన్ తీసి, ముందు ఈ తలని కళ్ళకద్దుకుని, దీన్ని చెక్కిన ముసలాయన్ని క్షమించమని అడిగి, ఆ తర్వాతే కాలి మీద ఆనించుకునేది. కాఫీ తాగుతూ నేను పైనుంచి వినేవాణ్ణి.

ఇంగ్రిడ్ ఏప్రన్ సర్దుకుని తను కూడా నా ఎదురుగా కింద కూర్చుంది. అరిగిన చోట బొటనవేలు పెట్టి, దాన్ని అక్కడే ఉంచింది.

"రోజూనా?"

"ఊళ్ళో ఉన్న ప్రతి రోజూ."

"ఆయన జీవితమంతా తలలు చెక్కాడు. ఏ ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. అవి ఏ దేశం వెళ్ళాయో, ఎవరు వాయించారో తెలియదు. మా నాన్న అనేవాడు, తాతని ఎవరూ ఎప్పుడూ తలుచుకోలేదమ్మా అని." వేలు తీయకుండానే, "మీ ఇంట్లో రోజూ పిలిచారన్నమాట" అంది.

ఆవిడ కళ్ళు తడిశాయి. నాకూ తడిశాయి, సిగ్గేమీ పడలేదు.

"ఆయన పేరు యోహాన్" అంది లేస్తూ.

అరిగిన చోట పూడ్చే ఊసు ఇక రాలేదు. ఆవిడ పని చీటీ మీద పైపలక అని మాత్రం రాసుకుంది. చీలిక నిలుస్తుందా అని అడిగాను. తీగలు మీవాళ్ళు తక్కువ శ్రుతికి, వదులుగా బిగిస్తారు కాబట్టి నిలుస్తుందని చెప్పింది. జూన్‌కి ముందే ఇస్తానంది. శబ్దం పాతదానిలాగే ఉంటుందా అంటే, "కొంచెం మారుతుంది. అది నా చేతుల్లో లేదు" అంది. నిజం చెప్పినందుకు సంతోషించాను కానీ, ఆ మాట బస్సెక్కేదాకా గుండెలో బరువుగానే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఒళ్ళో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫ్లాస్కులో చల్లారిన కాఫీ తాగి, న్యూజెర్సీ కొండల మీద ఎండ తగ్గిపోతుండగా కీర్తనకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. పలకలు చేసిన ఇళ్ళు, వార్నిష్ పూసిన వంటిళ్ళు, రెండు గంట్లు, యోహాన్. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అలా వినడం తనకి అలవాటు లేదు.

"అమ్మ సారీ చెప్పేది కదా నాన్నా, నేను ఎప్పుడూ చెప్పలేదు" అంది చివరికి. "నాకు సిల్లీ అనిపించేది. అమ్మ కూడా నన్ను ఫోర్స్ చెయ్యలేదు."

"తెలుసమ్మా."

"ఆయన పేరు మళ్ళీ చెప్పు."

చెప్పాను. అటువైపు తను మెల్లగా, తన అమెరికన్ యాసలో పలికి చూసుకుంది. "యోహాన్ తాతగారూ, క్షమించండి." ఒకసారి కాదు, సరిగ్గా వచ్చేదాకా అంది. తర్వాత, "ఈ వీకెండ్ ఇంటికి వస్తా నాన్నా. నా పాత వయొలిన్‌కి తీగలు మార్చాలి. జూన్‌కి ప్రాక్టీస్ కావాలిగా" అంది.

ఎడిసన్‌లో దిగేసరికి చీకటి పడింది. ఈ ప్రయాణంలో నేను చూసిన ఊళ్ళలో చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు. వెళ్ళేటప్పుడు మోసుకెళ్ళినది అక్కడే ఉండిపోయింది. ఇంటికి నేను తెచ్చుకున్నది ఒక పేరు మాత్రమే, అది శారదకి చెప్పలేకపోయాను.